రెండో డిస్కు

సుందరరాజన్న మా విత్తనాల కంపెనీలో పదిహేడేళ్లు పనిచేశాడు. ఆ పదిహేడేళ్లలో ఆయన చేసే పనేమిటో ఆఫీసులో ఎవరూ సరిగా తెలుసుకోలేదు. ప్రింటరు ఆగినా ఆయన్నే పిలిచేవాళ్లు, ఫ్యాను తిరక్కపోయినా ఆయన్నే పిలిచేవాళ్లు. ఒకసారి గేటు పక్కన చెట్టుకు తేనెతుట్టె పడితే దానికీ ఆయన్నే పిలిచారు. పోయాడు. కాదనడం ఆ మనిషికి చేతకాదు. అది చేతకాకనే సగం మనిషి అరిగిపోయాడని నా అభిప్రాయం. ఆ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. విని, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పనిలో పడేవాడు.

నా పేరు లూదియా. నంద్యాల ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తాను. ఆళ్లగడ్డ పొలం నుంచి వచ్చిన అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించడం, విత్తనాల పొట్లాల మీద నంబరు చీటీలు అంటించడం నా ఉద్యోగం. ఆయనదీ నాదీ ఒకే గది. పన్నెండేళ్లు ఎదురెదురుగా కూర్చున్నాం కాబట్టి ఆయన గురించి రాసే హక్కు నాకుందనుకుంటున్నాను. ఆయన్ని అడిగితే వద్దనే అంటాడు, అందుకే అడగలేదు.

ఆయన సొంతూరు ఆళ్లగడ్డ. తండ్రి సంజీవయ్య మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాడు. కొడుకేమో ఇంటర్లో లెక్కల పరీక్షే తప్పాడు. ఐటీఐలో ఎలక్ట్రికల్ చేసి, నంద్యాలలో టీవీలు బాగుచేసేవాడు. టీవీలు రిపేరుకు రావడం మానేశాక కంప్యూటర్లు పట్టుకున్నాడు. మా కంపెనీలో చేరిన కొత్తలో ఆఫీసులో నాలుగు పాత మిషన్లు ఉండేవి, రోజుకొకటి మూలపడేది. లైసెన్సులు కొని కొత్తవి పెట్టించే ఉద్దేశం యాజమాన్యానికి లేదు. అప్పుడు ఈయన ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్ వెతికి పట్టుకున్నాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. ఆరు నెలలు దాని ఇంగ్లీషు పుస్తకాన్ని ప్రింట్లు తీసుకుని, లైను కింద స్కేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. చదివి, ఒకే ఇనప పెట్టెలో నాలుగు కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించాడు. వర్చువల్ మెషీన్లంటే అవే. ఇల్లు ఒకటి, లోపల కాపురాలు నాలుగు. ఒకటి ఆఫీసు ఉత్తరాలకు, ఒకటి గోదాము నిల్వలకు, ఒకటి కెమెరాలకు, నాలుగోది ఆదినారాయణ సార్ కొర్రకు.

ఈ నాలుగో దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆదినారాయణ సార్ది కొలిమిగుండ్ల పక్క పాత రైతు కుటుంబం. ఎప్పుడో వ్యవసాయ డిగ్రీ చదివాడు. అరవై ఆరేళ్లు, సన్నగా, నిటారుగా ఉంటాడు. మాటలు తక్కువ, కోపం ఎక్కువ. తొమ్మిదేళ్లుగా ఆళ్లగడ్డలో, అహోబిలం దారిలో ఉన్న మా కంపెనీ పొలంలో ఒకే పని చేస్తున్నాడు. కొర్ర కంకి బరువెక్కి కోతకు వచ్చే రోజుల్లో నాలుగు చినుకులు గట్టిగా పడితే కాడ పడుకుంటుంది, గింజ మట్టిపాలవుతుంది. కంకి బరువుగానూ ఉండాలి, కాడ వంగనూ కూడదు. అలాంటి కొర్రను తీయాలని ఆయన పట్టు. రెండు రకాలు కలిపి, పుట్టినవాటిలో మంచివి ఏరి, మళ్లీ విత్తి, మళ్లీ ఏరి, తొమ్మిది ఖరీఫులు గడిపాడు. చివరికి నాలుగు వందల పన్నెండు పొట్లాలు మిగిలాయి. ఇంకొక్క ఏడాది విత్తితే అందులోంచి ఒకటో రెండో తేలతాయనీ, అక్కడితో తన పని అయిపోతుందనీ చెప్పేవాడు.

నంద్యాలలో విత్తనాల కంపెనీలకు కొదవ లేదు. ఏ పొట్లంలో ఏముందో పక్కవాడికి తెలిస్తే రెండేళ్లలో అదే విత్తనం వేరే పేరుతో అంగట్లో కనిపిస్తుంది. అందుకని ఇక్కడ పొట్లం మీద పేరు రాయరు, ఒట్టి నంబరే ఉంటుంది. ఆదినారాయణ సార్‌కు ఆ భయం అందరికంటే రెండింతలు. ఆ నంబరు ఎవరి సంతానం, ఎప్పుడు ఏరింది, వానకు నిలిచిందా పడిందా అన్న పుట్టుపూర్వోత్తరాలన్నీ నాలుగో మెషీన్లోనే ఉండాలి. పొలంలో రాసుకున్న పుస్తకాలను నేను కంప్యూటర్లోకి ఎక్కించాక, ఆయనే కళ్లంలో కుప్పవేసి అగ్గిపుల్ల గీసేవాడు. మొత్తం కాలేదాకా అక్కడే నిలబడేవాడు. అంటే శీతల గదిలో ఉన్నది విత్తనం, సర్వర్లో ఉన్నది దాని పేరు. రెండూ కలిస్తేనే తొమ్మిదేళ్ల పని, విడిపోతే పిట్టలకు వేసే గింజలు.

ఆ సంగతి సుందరరాజన్నకు బాగా తెలుసు. తెలిసే ఆళ్లగడ్డ పొలం గదిలో ఇంకో మెషీన్ పెట్టాడు. నంద్యాల సర్వర్లోని నాలుగు మెషీన్ల కాపీ ప్రతి రాత్రీ దానంతటదే ఇంటర్నెట్ లైను మీద అక్కడికి పోతుంది. ఈ వారానివి ఏడు కాపీలు, నెలకొకటి చొప్పున పన్నెండు ఉంచుకుని, పాతవాటిని అదే చెరిపేస్తుంది. "ఈడ ఇల్లు కాలినా ఆడ మిగలాల" అనేవాడు. పొద్దున రాగానే కాపీ అయిందా లేదా అని సర్వర్ పంపిన మెయిల్ చూసేవాడు. ఓకే అని ఉంటే పొడుగు రిజిస్టర్లో తేదీ వేసి, నాలుగు గళ్లలో నాలుగు టిక్కులు పెట్టి సంతకం చేసేవాడు. తనిఖీకి వచ్చినవాళ్లెవరో రెండో మనిషి సంతకం కూడా ఉండాలన్నారట, అది నాకు అంటగట్టారు. నేను శనివారం శనివారం రిజిస్టరు ముందు వేసుకుని ఏడు సంతకాలు ఒకేసారి గీకేదాన్ని. మెయిల్ ఒక్కరోజు కూడా చూడలేదు.

నిరుడు మే నెలాఖర్లో సాయంత్రం గాలివాన వచ్చింది. పిడుగు ఎక్కడ పడిందో కానీ కరెంటు ఒక్కసారిగా ఎగదన్నింది. యూపీఎస్ బ్యాటరీలు మార్చమని ఆయన అంతకు ముందు రెండుసార్లు రాసిచ్చిన కాగితం ఫైల్లోనే ఉంది. పొద్దున నేను వెళ్లేసరికి గదిలో మాడు వాసన. సర్వర్ మూత విప్పి నేల మీద పెట్టి ఉంది. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని జంటగా పెట్టిన డిస్కులు రెండూ పోయాయి. వాటిని తర్వాత హైదరాబాదు పంపితే, లోపలి చిప్పులు మాడిపోయాయి, ఏమీ రాదని తిప్పి పంపారు.

ఆ పొద్దున మాత్రం ఆయన ఏమీ కంగారు పడలేదు. నేనే కంగారు పడ్డాను. కాపీలు ఆళ్లగడ్డలో ఉన్నాయి, కొత్త పెట్టె ఇప్పించండి చాలని యజమాని కిరణ్ సార్‌కు చెప్పాడు. పాత యజమాని కొడుకు ఈ కిరణ్, ముప్పై ఐదేళ్లుంటాయి. చెడ్డవాడు కాదు కానీ దేన్నీ రెండు నిమిషాల కంటే ఎక్కువ వినడు. పెట్టె మూడో రోజుకు వచ్చింది. లైను మీద కాపీలు తెచ్చుకుంటే నాలుగు రోజులు పడుతుందని, సుందరరాజన్న బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాడు. ఆ మెషీన్నే విప్పి, దుప్పట్లో చుట్టి, పొలం జీపులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. శిరివెళ్ల దగ్గర రోడ్డు పనుల కుదుపులకు చేతులు తిమ్మిరెక్కాయని చెప్పుకుని నవ్వాడు. ఆయన నవ్వు చూసింది అదే ఆఖరు అనుకుంటా.

మృగశిర కార్తెకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆదినారాయణ సార్ పొద్దునే నంద్యాల వచ్చి మా గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏ నంబరు పక్కన ఏ నంబరు విత్తాలో ఆ పట్టిక ప్రింటు తీసుకుపోవాలి ఆయన. అక్కాతమ్ముళ్లను పక్కపక్కనే వేస్తేనే ఎవరు నిలిచారో ఎవరు పడ్డారో పోల్చి చూడొచ్చట. ఉత్తరాల మెషీన్ పది నిమిషాల్లో తిరిగి లేచింది. గోదాముదీ లేచింది. కెమెరాలవీ వచ్చాయి. నాలుగోది మధ్యాహ్నం రెండింటికి పూర్తయి, తెర మీద ఓకే అని పడింది. ఆదినారాయణ సార్ కండువా సర్దుకుని లేచి నిలబడ్డాడు.

నేను నా కుర్చీలోంచే కొర్ర పట్టిక తెరిచాను. గళ్లున్నాయి, పైన శీర్షికలున్నాయి, కింద ఒక్క వరుస లేదు. మొత్తం వరుసలు: సున్న.

లింకు తెగిందేమో అన్నాడు సుందరరాజన్న. ముందురోజు కాపీ తీసి పెట్టాడు, అదీ సున్నే. వారం కిందటిది పెట్టాడు. నెల కిందటిది పెట్టాడు. ఒక్కో దానికి అరగంట పట్టేది. నాలుగోసారి కూడా సున్న వచ్చాక ఆయన ఓకే అన్న మాట కింద ఉండే పొడుగు చిట్టా తెరిచాడు. కాపీ తీసేటప్పుడు మెషీన్ ఏమేం చేసిందో లైను లైనుగా అందులో రాసుకుంటుంది. రోజూ ఆ చిట్టా మెయిల్లో వచ్చేదే. పైన ఓకే చూసి మూసేసేవాడు, కిందికి పోయేవాడు కాదు. ఇప్పుడు పాత అలవాటు కొద్దీ తెర మీద స్కేలు పెట్టి చదువుకుంటూ దిగాడు. ఎనిమిదో లైను దగ్గర స్కేలు ఆగింది. మొదటి డిస్కు కాపీ చేస్తున్నాం, రెండో డిస్కును చెప్పిన ప్రకారం వదిలేస్తున్నాం అని ఉందక్కడ.

మాడిన జంట డిస్కులు వేరు, ఇవి నాలుగో మెషీన్ లోపలివి; కొర్ర సంగతంతా ఆ రెండో డిస్కులోనే ఉండేది. పైరు ఫోటోలు ఎక్కువై మొదటిది చాలకపోతే ఆయనే దాన్ని తగిలించి, పట్టికలన్నీ అందులోకి మార్చాడు. కాపీ తీయాలా వద్దా అని ఒక్కో డిస్కుకు ఒక్కో చిన్న గడి ఉంటుంది. రెండోదాని గడిలో టిక్కు లేదు. తీసేసింది ఆయనే. వెయ్యి పైచిలుకు రాత్రులు ఆ మెషీన్ తనకు చెప్పినట్టే చేసి, చేశానని రోజూ నిజమే చెప్పింది. ఆయనా నేనూ కింద సంతకాలు పెట్టాం.

ఆ సంతకాలు తలుచుకుంటే సిగ్గుతో ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఒక్క కాపీ మాత్రం మిగిలింది. ఆ టిక్కు తీసేసే రోజు సాయంత్రం ఎందుకైనా మంచిదని రెండు డిస్కులూ కలిపి ఒక పూర్తి కాపీ తీసి, దీన్ని చెరపొద్దు అని గుర్తు పెట్టి ఉంచాడు. అది రెండు వేల ఇరవై రెండు ఆగస్టు నాటిది. దాన్ని తిరిగి పెట్టేసరికి సాయంత్రం ఐదయింది. పట్టిక నిండా వరుసలు వచ్చాయి. ఆదినారాయణ సార్ తెర దగ్గరికి వంగి, కిందిదాకా చూసి, "మిగిలిన మూడేండ్లు?" అన్నాడు.

"లేవు సార్," అన్నాడు సుందరరాజన్న.

మొదటి ఆరు ఖరీఫులవి వచ్చాయి, చివరి మూడూ రాలేదు. శీతల గదిలో ఉన్న నాలుగు వందల పన్నెండు పొట్లాలూ ఆ చివరి మూడేళ్లలో ఏరినవే. తాతల పేర్లు దొరికాయి, ఏ మనవడు ఏ ఇంటివాడో చెప్పేది లేదు. ఆదినారాయణ సార్ మళ్లీ కూర్చోలేదు. కండువా తీసి చేతికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. అలాగే బస్సుకు వెళ్లిపోయాడు.

ఆయన పోయాక సుందరరాజన్న ఆ పాత మెషీన్ వివరాల పేజీ తెరిచి కూర్చున్నాడు. ప్రతి మెషీన్‌కూ గమనికలు రాసుకునే ఒక చోటుంటుంది. ఏ రోజు ఏం మార్చాడో, ఎవరు అడిగితే మార్చాడో అందులో రాసుకోవడం ఆయన పద్ధతి. మెషీన్ కాపీతో పాటు అది కూడా తిరిగి వస్తుంది. నేను మంచినీళ్ల గ్లాసు ఇవ్వబోయి వెనకనుంచి చదివాను. చివరి గమనిక ఇలా ఉంది: "22-8-2022. పగలు కూడా కాపీ నడిచి లైను మూసుకుపోతున్నది. ఆదినారాయణ సార్ చెప్పినందున రెండో డిస్కు కాపీ వారం ఆపుచున్నాను. ముందుగా పూర్తి కాపీ తీయుచున్నాను. సోమవారం మళ్లీ పెట్టవలెను."

చదవగానే ఆ రోజు నాకు గుర్తొచ్చింది. కొత్తగా ఫోటోలు తీయడం మొదలుపెట్టిన రోజులవి. రాత్రి మొదలైన కాపీ మధ్యాహ్నందాకా సాగుతుంటే, ఆళ్లగడ్డ పొలంలో ఆదినారాయణ సార్ ఫోటోలు ఎక్కించే ట్యాబు కదిలేది కాదు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది, ఆయన కేకలు నేనూ విన్నాను. "వారం ఆపితే నా డేటా యాడికీ పోదులే, ఆపప్పా" అన్నాడు. మరి సోమవారం ఎందుకు పెట్టలేదు? అదీ గుర్తొచ్చింది. ఆ సోమవారం శీతల గది కంప్రెసర్ ఆగిపోయింది. బనగానపల్లె నుంచి మెకానిక్ వచ్చేదాకా మూడు రోజులు సుందరరాజన్న ఐసు గడ్డలు మోయించి, పొట్లాలు ఒక్కటీ వేడెక్కకుండా కాపలా కాశాడు. ఆ విత్తనాలను కాపాడే పనిలో పడి, వాటి పేర్లు మరిచిపోయాడు. నాలుగో రోజు ఇంటికి పోయి పడుకుని లేచాక అన్నీ గుర్తున్నాయి, ఆ టిక్కు తప్ప.

నేను చూస్తుండగానే ఆయన ఆ గమనికలో మూడు మాటలు చెరిపేశాడు. ఆదినారాయణ, సార్, చెప్పినందున. మిగతాది అలాగే ఉంచాడు.

"ఏం చేస్తాండావన్నా?" అన్నాను.

"ఆయప్పకు అరవయ్యారేండ్లు. తన నోటితోనే ఆపించినాడని తెలిస్తే మళ్లా చేన్లో కాలు పెట్టడు."

"నీ ఉద్యోగం పోతాది."

"టిక్కు తీసింది నేను. మళ్లా పెట్టంది నేను. తిరిగొస్తుందా లేదా అని ఒక్కపారి గూడా పెట్టి చూడంది నేను. ఆయనేం చేసినాడు?"

అదీ నిజమే, కాదనను. కాపీ తీయడం వేరు, దాన్ని తిరిగి నిలబెట్టి చూడడం వేరు. పెట్టి చూడ్డానికి సర్వర్లో చోటు లేదని, ఇంకో చిన్న పెట్టె కావాలని ఆయన రెండుసార్లు అడిగాడు. రోజూ ఓకే వస్తోంది కదా, ఎందుకన్నాడు కిరణ్ సార్. ఈయన మూడోసారి అడగలేదు. గట్టిగా అడిగి ఉంటే ఇచ్చేవాళ్లేమో. అప్పటికే ఆ మనిషి అలసిపోయాడు, అంతే. అలసిపోయినవాడు ఓకే అన్న మాట చూస్తే అక్కడే ఆగిపోతాడు. అందులో నేను తప్పుపట్టేదేముంది, నేను ఆ మాట దాకా కూడా పోలేదు.

రిపోర్టు ఆయనే రాశాడు, ఒకటిన్నర పేజీ. జరిగింది జరిగినట్టు, తనవల్ల జరిగిందని. రెండో సంతకం నాదని కూడా రాయమని పోట్లాడాను. నా పేరు రాస్తే నాకు తేలికయ్యేది, నిజం చెప్పాలంటే అందుకే పోట్లాడాను. రాయలేదు. నన్ను నమ్మి పెట్టినావు కదమ్మా, నమ్మినందుకు నిన్నేమని రాసేది అన్నాడు.

కిరణ్ సార్ రిపోర్టు రెండు నిమిషాల కంటే ఎక్కువే చదివాడు. అరవలేదు. జూన్ నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులుంది, అప్పటిదాకా ఉండి, లూదియాకు పని అప్పజెప్పి వెళ్లమన్నాడు. ఆదినారాయణ సార్ అడ్డం పడతాడని నేను చివరిదాకా అనుకున్నాను. పదిహేడేళ్ల మనిషి, ఆయన పొట్లాల కోసం మూడు రోజులు ఐసు గడ్డలు మోయించిన మనిషి. ఫోన్ కూడా చేయలేదు. ఆ పెద్దమనిషి మీద నాకు అప్పుడు పుట్టిన కోపం ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఆ పన్నెండు రోజుల్లో సుందరరాజన్న నాకు నేర్పింది ఒక్కటే. కాపీ గురించి రెండు గంటల్లో చెప్పేశాడు. మిగతా రోజులన్నీ తిరిగి పెట్టడమే నేర్పాడు. రోజూ ఒక మెషీన్ కాపీని వేరే నంబరు కింద తిరిగి నిలబెట్టించేవాడు. అసలుది నడుస్తూనే ఉంటుంది, దాని పక్కన ఇది లేస్తుంది. లైను కలపకుండా లేపాలి, లేకపోతే రెండూ ఒకే పేరుతో కొట్టుకుంటాయి. లేచాక పట్టిక తెరిచి వరుసలు లెక్కపెట్టాలి, అసలుదాని లెక్కతో సరిచూడాలి, అప్పుడు దీన్ని చెరిపేయాలి. చిన్న పెట్టె ఇప్పుడు అడగకుండానే వచ్చింది. శనివారం శనివారం నేనే చేస్తున్నాను. రిజిస్టర్లో ఓకే అన్న గడి కొట్టేసి, ఎన్ని వరుసలు చూశానో ఆ అంకె రాస్తున్నాను.

ఆయన ఆళ్లగడ్డ వెళ్లిపోయాడు. ఇప్పుడు అక్కడి శిల్పులు రాయి కోసే మిషన్ల మోటార్లకు తీగ చుడుతున్నాడు, ఆదివారం చర్చిలో మైకు సెట్టు చూసుకుంటాడు. చేతినిండా పనే ఉందట.

పొట్లాలను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆదినారాయణ సార్ అన్నీ విత్తమన్నాడు. నంబర్ల ప్రకారమే, ఎవరెవరివో తెలియకపోయినా నాలుగు వందల పన్నెండూ విత్తాలి. మూడేళ్లు రోజూ చూసిన పైరు, నా కంటికి తెలియకుండా పోతుందా అన్నాడు. కిరణ్ సార్ ఒప్పుకున్నాడు. జూన్‌లో విత్తారు. వానలు ఆలస్యమైనా మొలక బాగానే వచ్చింది.

సెప్టెంబర్లో కంకులు బరువెక్కాక మూడు రోజులు వాన పట్టింది. నాలుగో రోజు నన్ను ఆళ్లగడ్డ రమ్మన్నారు. నల్లరేగడి చెప్పులకు అంటుకుంటుంటే విప్పి చేత్తో పట్టుకుని చేలో దిగాను. చాలా వరుసలు పడిపోయి ఉన్నాయి, కొన్ని నిలిచున్నాయి. ఆదినారాయణ సార్ ముందు నడుస్తుంటే నేను ట్యాబులోనూ ఎక్కించుకుంటూ, పుస్తకంలోనూ రాసుకుంటూ వెనక నడిచాను. ఇప్పుడు పుస్తకాలు కాల్చడం లేదు. ఒక్కో వరుస దగ్గర ఆగి, కంకి వేళ్ల మధ్య జార్చి, కాడ మొదలు నొక్కి చూస్తాడు. ఒక్కోసారి మొహం వెలిగి ఇది నాకు తెలుసు, ఇది ఫలానాదాని బిడ్డ అంటాడు. ఎక్కువసార్లు చాలాసేపు నిలబడి, తల అడ్డంగా ఊపి ముందుకు పోతాడు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం, రెండున్నరకు అయిపోయింది. నాలుగు వందల పన్నెండులో ముప్పై ఏడింటిని గుర్తుపట్టాడు.

గట్టు మీద కూర్చుని నీళ్లు తాగాడు. మిగతావాటిని కొత్తగా చూసినట్టే మొదటినుంచీ చూసుకుంటూ రావాలి, మూడేళ్లు పడుతుంది అన్నాడు. అప్పటికి అరవై తొమ్మిది వస్తాయని తనే లెక్క చెప్పాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"సుందరరాజు ఈ ఊర్లోనే కదమ్మా ఉండేది. నేను మన్నించినానని చెప్పు. మనిషి మంచోడే. మతిమరుపు ఎవరికైనా ఉంటాది."

నా ఒళ్లు మండిపోయింది. నీ నోటితో ఆపమన్నది నీకు గుర్తులేదా పెద్దాయనా అన్న మాట గొంతులోకి వచ్చింది. ఆయన పాదాలు చూశాను. మోకాళ్లదాకా బురద, మడమలు పగిలి నెత్తురు చారలు. అరవై తొమ్మిదేళ్లదాకా ఇలాగే నడవాలి ఆ కాళ్లు. చెప్తాలే సార్ అన్నాను.

తిరుగు బస్సుకు టైముంది. సుందరరాజన్న ఇంటికి పోయాను. వసారాలో మోటారు విప్పుకుని, రాగి తీగ చుడుతూ కూర్చుని ఉన్నాడు. బక్కచిక్కాడు, గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేవబోతే వద్దని ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. ఎంతమందిని గుర్తుపట్టినాడని అడిగాడు, వరుసలను మనుషుల్లాగే అంటాడు ఆయన. ముప్పై ఏడన్నాను. చేతిలో తీగ ఆగింది.

"అన్నీ గుర్తుపడతాడనుకుంటి, లూదియా. కంటితోనే పట్టేస్తాడులే అని రోజూ అనుకుంటాంటి."

సార్ చెప్పమన్న మాట చెప్పకుండా పోదామనిపించింది. కానీ మాట ఇచ్చి వచ్చాను. సార్ నిన్ను మన్నించినానని చెప్పమన్నాడన్నా అన్నాను. అంటూనే ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. ఆ మాట అవమానంగా తగులుతుందనుకుని ఆయన మొహం వైపు చూడలేదు.

"నన్ను మన్నించినాడా?" అన్నాడు.

"ఊఁ."

"అయితే ఆయనకు తెలియదు."

"తెలియదన్నా."

"రేప్పొద్దున గూడా చేన్లోకి పోతాడా?"

"ఏడింటికంతా రమ్మన్నాడు కూలోళ్లను."

సుందరరాజన్న కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"మంచిది," అన్నాడు. "ఇంకో మూడేండ్లు నన్నే తప్పు పట్టుకోనీ."